వారసత్వం: బతికి ఉండగానే చక్కదిద్దవలసిన లెక్క
(ముస్లిం కుటుంబాల అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. పండితుణ్ణి కాను, న్యాయవాదినీ కాను. కాగితాల మధ్య జీవితం గడిపినవాడిగా, విరమణ తరువాత మన వితంతువుల, అనాథల దరఖాస్తులు రాసిపెడుతున్నవాడిగా నాలుగు మాటలు మనవి చేయదలచాను.

మనలో చాలామంది ఆస్తి పంపకం మాట ఎత్తగానే "ఇప్పుడే ఎందుకు ఆ అశుభం?" అంటారు. ఇస్లాంలో ఈ మాట అశుభం కాదు, ఆరాధనలో భాగమే. దీనికి సంబంధించిన ఒక సంఘటన మీలో పలువురికి తెలిసినదే. ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. పిల్లల పినతండ్రి ఆస్తినంతా తీసుకున్నాడనీ, ఈ బిడ్డల పెళ్లిళ్లు ఎలా జరుగుతాయనీ మొర పెట్టుకున్నారు. ఆ సందర్భంలోనే వారసత్వ ఆయతులు అవతరించాయని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ప్రవక్త (స) ఆ పినతండ్రిని పిలిపించి, కుమార్తెలకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలినది తీసుకొమ్మని ఆదేశించారు. ఆస్తిని 24 భాగాలు చేస్తే కుమార్తెలకు 16, వితంతువుకు 3, సోదరునికి 5.

సోదరులారా, గమనించండి. మన వారసత్వ నియమం ఒక వితంతువు ఫిర్యాదుకు సమాధానంగా వచ్చింది. అటువంటి ధర్మాన్ని అనుసరించే మన ఇళ్లలో నేటికీ వితంతువులు అదే ఫిర్యాదుతో తిరుగుతున్నారంటే లోపం ఎక్కడుంది? వాటాలు నిర్ణయించే బాధ్యత అల్లాహ్ మనకు వదలలేదు, తానే నిర్ణయించాడు. ఆ వాటా హక్కుదారు చేతికి అందేలా ఏర్పాటు చేయడం మాత్రం మనకు వదిలాడు. ఆ పనే మనం చేయడం లేదు. ఈనాటి నా ప్రసంగ సారాంశం ఇంతే.

ముందుగా క్రమం చెప్పుకుందాం. మనిషి మరణించగానే ఆస్తి నేరుగా పంపకానికి రాదు. మొదట కఫన్, దఫన్ ఖర్చులు. రెండు, అప్పులు. భార్యకు బాకీ ఉన్న మహర్ కూడా అప్పే. మూడు, వసీయత్ ఉంటే దాని అమలు. నాలుగోదిగా, మిగిలినది వారసుల మధ్య పంపకం. ఈ క్రమాన్ని తలకిందులు చేసినందువల్లనే సగం తగాదాలు పుడుతున్నాయి.

ఒక లెక్క చూద్దాం. ఒకాయన భార్యను, ఒక కుమారుణ్ణి, ఇద్దరు కుమార్తెలను వదిలి చనిపోయాడు. తల్లిదండ్రులు అంతకుముందే గతించారు. ఇల్లు, స్థలం, బ్యాంకు సొమ్ము కలిపి 50 లక్షలు. ఖర్చులు, అప్పులు, మహర్ కలిసి 2 లక్షలు. మిగిలినది 48 లక్షలు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 6 లక్షలు. శేషం 42 లక్షల్లో కుమారునికి 21 లక్షలు, ఒక్కో కుమార్తెకు 10 లక్షల 50 వేలు. ఆయన తల్లి బతికి ఉంటే ఆమెకు ఆరో వంతు 8 లక్షలు పోగా కుమారునికి 17 లక్షలు, ఒక్కో కుమార్తెకు 8 లక్షల 50 వేలు. లెక్క కష్టం కాదు. ఐదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. ఇవ్వడానికి మనసు రావడమే కష్టం.

ఇక మన ఇళ్లలో పాతుకుపోయిన ఒక అపోహ. తరతరాలుగా ఇరుగుపొరుగుతో కలిసి బతికాం కనుక వారి ఉమ్మడి కుటుంబ భావన మనకూ అంటింది. "ఇది పిత్రార్జితం, మగపిల్లలది" అంటారు. ముస్లిం వారసత్వంలో పిత్రార్జితం, స్వార్జితం అన్న తేడా లేదు. పుట్టుకతో సంక్రమించే హక్కూ లేదు. తండ్రి బతికి ఉన్నంత వరకు ఆస్తి తండ్రిదే. ఆయన కన్నుమూసిన క్షణం నుంచి కొడుకుకు ఎలా హక్కు వస్తుందో కూతురికీ అలాగే వస్తుంది. పొలం సంగతి కూడా చెప్పాలి. 1937 షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లోనే, 1949లో చేసిన సవరణ ఆ మినహాయింపును తొలగించింది. కనుక ఆ జిల్లాల్లో "ఆడపిల్లకు పొలంలో వాటా లేదు" అనే మాటకు ధర్మంలోనూ ఆధారం లేదు, చట్టంలోనూ లేదు.

మనం వేదికలెక్కి, స్త్రీకి పద్నాలుగు శతాబ్దాల క్రితమే ఆస్తిహక్కు ఇచ్చిన ధర్మం మాది అని గర్వంగా చెబుతాం. అది సత్యమే. కానీ ఇంటికి వెళ్లాక చెల్లెలికి ఏం చెబుతున్నాం? "నీ పెళ్లికి జోడా ఇచ్చాం, జహేజ్ ఇచ్చాం, ఇంకేముంది?" అంటున్నాం. జహేజ్ వారసత్వం కాదు. అది వరుడి ఇంటికి పోయిన సొమ్ము, ఆడపిల్ల చేతికి వచ్చిన వాటా కాదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ముందు అక్కచెల్లెళ్లను నిలబెట్టి హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించే దృశ్యం మీరందరూ చూసినదే. సంతకం పెట్టకపోతే పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో పెట్టిన సంతకం ఇష్టపూర్వకమైన దానం ఎలా అవుతుంది? ఆమె నిజంగా ఇవ్వదలచుకుంటే ముందు ఆమె వాటాను ఆమె పేరున రాయించండి. ఆరు నెలలు ఆమె చేతిలో ఉండనివ్వండి. తరువాత ఆమె మనసు చెప్పినట్లు చేయనివ్వండి. తండ్రి జీవించి ఉండగానే "నాకు వాటా వద్దు" అని కూతురితో రాయించుకునే కాగితం సాధారణంగా చెల్లదని కూడా తెలుసుకోండి. ఇంకా సంక్రమించని హక్కును వదులుకోవడం కుదరదు.

కొడుకుకు రెండు వంతులు ఎందుకని మన ఆడపిల్లలు అడుగుతున్నారు. అడిగే హక్కు వారికుంది. తల్లి పోషణ, భార్యాబిడ్డల పోషణ, పెళ్లికాని అక్కచెల్లెళ్ల బాధ్యత పురుషునిపై ఉన్నందువల్ల అని ఉలమాలు వివరిస్తారు. కనుక రెండు వంతులు తీసుకొని, తల్లిని నెలకొక ఇంటికి తిప్పే కుమారుడు వాటా మాత్రమే తీసుకుని బాధ్యతను ఎగ్గొట్టినవాడు. ఈ మాటను మస్జిదులో జుమా ప్రసంగాల్లో చెప్పవలసిందిగా ఉలమాలను వేడుకుంటున్నాను.

రెండో విషయం మహర్. నికాహ్‌నామాలో రాసిన మొత్తం చెల్లించిందెంత, బాకీ ఎంత అన్నది ఎంత మంది భార్యలకు తెలుసు? భర్త మరణించాక బాకీ మహర్ కోసం దావా వేయడానికి చట్టం ఇచ్చిన గడువు మూడేళ్లే. దుఃఖంలో, ఇద్దత్‌లో, మొహమాటంలో ఆ మూడేళ్లు గడిచిపోతాయి. "మాఫ్ చేసెయ్యి" అని జనాజా దగ్గర ఆమె చేత అనిపించే ఆచారం ఇకనైనా ఆగాలి. భర్తలారా, బతికి ఉండగానే చెల్లించి రసీదు రాయించండి. చెల్లించలేకపోతే బాకీ ఎంతో రాసిపెట్టండి.

మూడోది వసీయత్, అంటే వీలునామా. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు ఆస్తిలో ఎక్కువ భాగం దానంగా రాస్తానన్నారు. ప్రవక్త (స) మూడో వంతుకు మాత్రమే అనుమతించారు. వారసులను చేయి చాచే స్థితిలో వదలడం కంటే నిలదొక్కుకునేలా వదలడం మేలని బోధించారు. కాబట్టి మూడో వంతుకు మించి రాసినది మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. వారసునికి రాసిన వసీయత్ కూడా, తక్కిన వారసులు ఆ మరణానంతరం అంగీకరిస్తే తప్ప హనఫీ నియమం ప్రకారం చెల్లదు. షియా సోదరులకు ఈ విషయంలో నియమం వేరు. అక్కడ మూడో వంతు వరకు వారసునికీ రాయవచ్చు. ముస్లిం వసీయత్‌కు నిర్ణీత రూపం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయినా రాతపూర్వకంగా, వారసులు కాని ఇద్దరు సాక్షులతో, వీలైతే రిజిస్టరు చేయించి ఉంచమని నా సలహా. నోటిమాట వసీయత్‌ను కోర్టులో రుజువు చేయడానికి ఒక జీవితం చాలదు.

మరి వారసునికి పనికిరాని వసీయత్ ఎవరికి పనికొస్తుంది? ఇక్కడే తాతలందరూ వినవలసిన మాట ఉంది. కొడుకు తండ్రి కంటే ముందే చనిపోయాడనుకోండి. మరో కొడుకు బతికి ఉంటే, చనిపోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదు. తండ్రినీ పోగొట్టుకొని, తాత ఆస్తినీ పోగొట్టుకున్న ఆ పిల్లలను చూసి మన ధర్మాన్ని తప్పుపట్టేవారు ఉన్నారు. కానీ ఆ పిల్లలు వారసులు కానందువల్లనే వారికి మూడో వంతు వరకు వసీయత్ రాయవచ్చు. ద్వారం తెరిచే ఉంది, తాత లోపలికి నడవడం లేదు. ఈజిప్టు 1946లో ఇటువంటి మనుమలకు తప్పనిసరి వసీయత్‌ను చట్టం చేసింది. పాకిస్తాన్ 1961లో మరో పద్ధతిలో వారికి వాటా కల్పించింది. మన దేశంలో అటువంటి చట్టం లేదు. కనుక తాత స్వయంగా కలం పట్టాలి. కొడుకును కోల్పోయిన ఏ తండ్రి అయినా ఆ దుఃఖం కాస్త తగ్గగానే చేయవలసిన మొదటి పని ఇది.

వసీయత్ వల్ల మరో ప్రయోజనం. మైనర్ పిల్లల ఆస్తికి తల్లి తనంతట తాను చట్టబద్ధ సంరక్షకురాలు కాదు. 1918లోనే ప్రివీ కౌన్సిల్ ఈ సంగతి స్పష్టం చేసింది. తండ్రి పోతే పిల్లల ఆస్తి వ్యవహారం కోసం ఆమె 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టుకు పోవాలి. కానీ తండ్రి తన వసీయత్‌లో భార్యను వసీగా, అంటే తన తరఫున ఆస్తిని చూసే వ్యక్తిగా నియమిస్తే ఆమెకు ఆ అధికారం వస్తుంది. ఒక్క వాక్యం రాసినందువల్ల ఒక వితంతువుకు కోర్టు మెట్లు ఎక్కే బాధ తప్పుతుంది. చిన్న పిల్లలున్న ప్రతి తండ్రీ ఈ వాక్యం రాయాలి.

నాలుగోది హిబా. బతికి ఉండగా ఇచ్చే దానానికి మూడో వంతు పరిమితి లేదు. వారసునికైనా ఇవ్వవచ్చు. ఆడపిల్లలు మాత్రమే ఉన్న తండ్రులు ఈ మార్గం గురించి తరచుగా అడుగుతారు. హిబాకు మూడు అంగాలు: ఇస్తున్నానని ప్రకటించడం, తీసుకునేవారు స్వీకరించడం, స్వాధీనం అప్పగించడం. మూడోది లేకుంటే మొదటి రెండూ వృథా. ఇల్లు కూతురికి ఇచ్చానని రాసి, అద్దె తానే తీసుకుంటూ, పన్ను తన పేరునే కడుతూ ఉంటే రేపు ఆమె అన్నదమ్ములో, పినతండ్రులో కోర్టులో నిలదీస్తారు. హిబా రాతకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదని 2011లో సుప్రీం కోర్టు హఫీజా బీబీ కేసులో తీర్పు చెప్పింది. అయినా రిజిస్టరు కాని కాగితాన్ని పట్టుకొని మున్సిపాలిటీకో, తహసీల్దారు కార్యాలయానికో వెళ్లినవారి అవస్థ నాకు తెలుసు. రిజిస్టరు చేయించండి. పన్ను రసీదు, కరెంటు మీటరు, పాసు పుస్తకం అన్నీ మార్పించండి. ఉమ్మడిగా ఉన్న ఆస్తిలో వాటా ఇవ్వదలిస్తే ముందు హద్దులు విడదీయండి. మరణశయ్య మీద ఇచ్చిన హిబాను వసీయత్‌లాగానే లెక్కిస్తారు, మూడో వంతు దాటదు. కనుక ఆరోగ్యం బాగున్నప్పుడే చేయాలి. ఇంకొక్క హెచ్చరిక: హిబాతో ఒక కొడుకుకు అంతా కట్టబెట్టి, మిగతా సంతానాన్ని వట్టి చేతులతో పంపడం కాగితం మీద చెల్లవచ్చు. పిల్లల మధ్య న్యాయం పాటించమన్న ప్రవక్త (స) ఆదేశం ముందు ఏం జవాబు చెబుతాం?

ఐదోది వక్ఫ్, ట్రస్టు. సంతానం కోసం చేసే వక్ఫ్‌ను వక్ఫ్ అలల్ ఔలాద్ అంటాం. దీనికి మన దేశంలో ఒక హక్కుల పోరాట చరిత్ర ఉంది. 1894లో ప్రివీ కౌన్సిల్ కుటుంబ వక్ఫ్‌ను చెల్లదని తీర్పు ఇచ్చింది. లండన్‌లో కూర్చున్న న్యాయమూర్తులు, కుటుంబాన్ని పోషించడం కూడా పుణ్యకార్యమనే మన భావనను గుర్తించలేదు. అల్లామా షిబ్లీ నోమానీ వంటి వారు దీనిపై ఉద్యమించారు. 1911లో ముహమ్మద్ అలీ జిన్నా కేంద్ర శాసన మండలిలో బిల్లు ప్రవేశపెట్టారు. 1913లో వక్ఫ్ ధ్రువీకరణ చట్టం వచ్చింది. అంతిమ ఫలం పేదలకో, శాశ్వత ధర్మకార్యానికో చెందాలన్న షరతుతో కుటుంబ వక్ఫ్ చెల్లుబాటయింది. 1930లో ఆ చట్టాన్ని పాత వక్ఫ్‌లకూ వర్తింపజేశారు. విజ్ఞాపనలు రాసి, సభల్లో వాదించి సాధించుకున్న హక్కు అది.

2025లో వచ్చిన వక్ఫ్ సవరణ చట్టంపై మన సమాజానికి తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. ఐదేళ్లుగా ఇస్లాంను ఆచరిస్తున్నట్లు చూపాలన్న నిబంధనను, కలెక్టరు విచారణకు సంబంధించిన కొన్ని నిబంధనలను అదే ఏడు సెప్టెంబర్ 15న సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిపివేసింది. పోరాటం సాగవలసిందే. అయితే కుటుంబాలు తెలుసుకోవలసిన రెండు మాటలు ఆ చట్టంలో ఉన్నాయి. ఒకటి, ఇకపై వక్ఫ్‌ను రాతపూర్వక దస్తావేజు లేకుండా సృష్టించలేరు. రెండు, కుటుంబ వక్ఫ్ వల్ల స్త్రీలతో సహా ఏ వారసుని హక్కుకూ భంగం కలగకూడదు. చట్టంలోని తక్కిన భాగాలను వ్యతిరేకించేటప్పుడు, ఆడపిల్లల వాటా ఎగ్గొట్టడానికి వక్ఫ్‌ను సాధనం చేసుకున్న కుటుంబాలను మనం వెనకేసుకు రాకూడదు. అటువంటి వారే మనపై వేలెత్తి చూపేవారికి ఆధారం అందిస్తున్నారు.

వక్ఫ్ చేసిన ఆస్తి తిరిగి రాదు. అమ్మలేరు, పంచుకోలేరు. ఉన్న ఒక్క ఇంటినీ వక్ఫ్ చేసి పిల్లల్ని చిక్కుల్లో పెట్టవద్దు. కొన్ని కుటుంబాలకు వేరే అవసరం ఉంటుంది. మానసిక వైకల్యం ఉన్న బిడ్డను తమ తరువాత ఎవరు చూస్తారన్న బెంగతో నిద్రపట్టని తల్లిదండ్రులు మన మధ్యే ఉన్నారు. వారు 1882 ట్రస్టుల చట్టం కింద బతికి ఉండగానే ప్రైవేటు ట్రస్టు ఏర్పాటు చేయవచ్చు. స్థిరాస్తి అయితే రిజిస్టరైన దస్తావేజు ఉండాలి. ట్రస్టీలుగా ఒకే కొడుకును కాక, కూతురినీ, కుటుంబం బయటి నమ్మకస్తుణ్ణీ పెట్టండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించే అధికారం 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక స్థాయి కమిటీకి ఉంది. ఈ రెండు పనులూ తల్లిదండ్రులు ఓపిక ఉండగానే చేయాలి. ఇతర బిడ్డల హక్కును దృష్టిలో ఉంచుకొని ఎంత ఇవ్వాలో ఆలిమ్‌ను, న్యాయవాదిని ఇద్దరినీ అడగండి.

చివరగా నా వృత్తికి సంబంధించిన మాట: కాగితాలు. బ్యాంకులో నామినీగా పేరున్నంత మాత్రాన ఆ సొమ్ము నామినీది కాదు. నామినీ తీసుకొని వారసులకు అప్పగించవలసినవాడు. సుప్రీం కోర్టు ఈ సూత్రాన్ని 1984లో బీమా విషయంలోనూ, 2010లో బ్యాంకు ఖాతా విషయంలోనూ చెప్పింది. బీమా చట్టానికి 2015లో సవరణ వచ్చాక తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైన పాలసీల స్థితి మారింది. కానీ బ్యాంకు సొమ్ము విషయంలో పాత సూత్రమే. అలాగే రెవెన్యూ రికార్డులో పేరు మారినంత మాత్రాన యాజమాన్యం ఒక్కరిదే అయిపోదు. అన్న పేరున పాసు పుస్తకం వచ్చిందని చెల్లెళ్లు ఆశ వదులుకోనక్కరలేదు. అయితే ఆలస్యం చేసేకొద్దీ ఆస్తి చేతులు మారుతుంది, అడగడం కష్టమవుతుంది.

ప్రతి ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. అందులో దస్తావేజుల నంబర్లు, లింకు దస్తావేజులు ఎక్కడున్నాయో, బ్యాంకు ఖాతాలు, బీమా పాలసీలు, కట్టే చీటీలు, కుదువ పెట్టిన బంగారం, ఇచ్చిన చేబదులు, తెచ్చిన అప్పు, బాకీ మహర్, బాకీ జకాత్ అన్నీ రాయండి. భార్యకు చదివి వినిపించండి. ఎక్కడ ఏముందో తెలియని వితంతువు ఇతరుల దయ మీద ఆధారపడుతుంది. తెలిసిన వితంతువు తన హక్కు తానే అడుగుతుంది.

మస్జిద్ కమిటీలకు, యువజన సంఘాలకు ఒక విజ్ఞప్తి. మహల్లాకొక ఆలిమ్, ఒక న్యాయవాది, కాగితాలు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి, వీరితోపాటు తప్పనిసరిగా ఒక మహిళ కలిసి నెలకొకసారి కూర్చోండి. మరణం జరిగిన ఇంటికి మూడు నెలల లోపు వెళ్లి, క్రమం ప్రకారం పంపకం జరిగిందా అని మర్యాదగా అడగండి. జనాజాకు వందమంది వెళ్తాం. ఆ తరువాత ఆ ఇంటి ఆడపిల్ల వాటా గురించి అడగడానికి ఒక్కరమూ వెళ్లం. ప్రభుత్వం ముందు, కోర్టుల ముందు మన వ్యక్తిగత చట్టాన్ని కాపాడుకోవాలంటే ముందు మన ఇళ్లలో దాన్ని అమలు చేసి చూపాలి. కూతురికి వాటా ఇచ్చిన ప్రతి తండ్రీ, చెల్లెలికి వాటా అప్పగించిన ప్రతి అన్నా షరీఅత్ తరఫున పెద్ద వకాల్తా దాఖలు చేసినట్లే.

ఇంటికి వెళ్లగానే ఆ నోటు పుస్తకం మొదటి పేజీ రాయండి. అల్లాహ్ మనందరికీ హక్కుదారుల హక్కులు తీర్చి వెళ్లే భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుం.